సలహాదారు వస్తున్నడు.. చెరువు సంగతేంది?

(హైదరాబాద్‌లో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చెరువు గురించి మాట్లాడే ముందు ఒక రోజును గుర్తు చేసుకుందాం. 2011 మార్చి 10. మిలియన్ మార్చ్. రోడ్లు మూశారు, రైళ్లు ఆపారు, ముళ్లకంచెలు వేశారు. అయినా జనం ట్యాంక్‌బండ్ మీదికి వచ్చిన్రు. ఆ కట్ట మీద నిలబడి మనం గొంతు పోయేదాకా నినాదాలిచ్చినం. పక్కనే హుస్సేన్ సాగర్. ఆ వాసన మనకు కొత్త కాదు. ఎవరన్నా ‘ఈ కంపేంది అన్నా’ అని అడిగితే మన దగ్గర సిద్ధంగా ఒక జవాబుండేది: ‘ఇది సమైక్య పాలకుల కంపు.’

2014 జూన్ 2 తర్వాత ఆ జవాబు చెల్లదు. రాష్ట్రం మనది. పట్నం మనది. చెరువు మనది. కంపు కూడా మనదే. ఈ మాట చేదుగా ఉంటది. కానీ ఉద్యమకారులు తమకు తాము చెప్పుకోవాల్సిన మాట ఇదే.

ఇప్పుడు అసలు విషయంలోకి వద్దాం. మన నగరంలో ఏ పార్కు చెరువు పాడైనా, ఏ నాలా పొంగినా, ఏ ప్రభుత్వం వచ్చినా మొదటి పని ఒక్కటే. సలహాదారును పిలవడం. టెండర్ వేస్తరు, కంపెనీలు వస్తయి, తెర మీద రంగురంగుల బొమ్మలు చూపిస్తరు. నీలం నీళ్లు, పడవలు, ఐస్‌క్రీం తింటున్న పిల్లలు. ఆ తర్వాత డీపీఆర్. దాని తర్వాత ఇంకో డీపీఆర్. మూసీ నది కోసం 2024లో ఒక కన్సార్టియానికి ప్రణాళిక పని అప్పగించారు. దానికి ఒప్పుకున్న ఫీజే దాదాపు 141 కోట్ల రూపాయలు. ఒక్క ఇటుక పెట్టకముందు అయ్యే ఖర్చు ఇది.

మరి సలహాదారును పిలవడమే తప్పా? కాదు. ఈ విషయంలో మనం ఆవేశపడొద్దు. చరిత్ర చూద్దాం.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచింది. వేల మంది చచ్చిపోయిన్రు. మరుసటి ఏడు, 1909లో, నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిచింది. ఇవ్వాళ్టి భాషలో చెప్పాలంటే ఆయన కన్సల్టెంటే. కానీ ఆయన పని తీరు చూడండి. నది ఒడ్డున ఎక్కడ రైలింగ్ పెట్టాలి, ఎక్కడ లైట్లు పెట్టాలి అని మొదలుపెట్టలేదు. పైకి పోయిండు. మూసీలోకి నీళ్లు ఎక్కడెక్కడి నుంచి వస్తున్నయో చూసిండు. ఆ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులున్నయని, వాటిల్ల 221 తెగినయని లెక్క తేల్చిండు. నగరాన్ని కాపాడాలంటే నగరంలో కాదు, నగరానికి ఎగువన నీళ్లను ఆపాలని చెప్పిండు. ఆ దారిలోనే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయినయి.

ఇక రెండో సగం. మన పాఠ్యపుస్తకాలు చాలా కాలం దాచిన సగం. సలహా బయటి నుంచి వచ్చింది సరే, కట్టింది ఎవరు? హైదరాబాద్ రాజ్యానికి సొంత పబ్లిక్ వర్క్స్ శాఖ ఉండేది. సొంత ఇంజనీర్లుండేవాళ్లు. ఆ తరంలో పెద్ద పేరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. నిజాంసాగర్ ఆయన చేతి మీదుగా నిలబడింది. సమైక్య రాష్ట్రంలో ఆయన పేరు తలచినోళ్లు తక్కువ. రాష్ట్రం వచ్చినంక ఆయన పుట్టిన జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నం. దండలు వేస్తున్నం. కానీ ఆయన చెప్పకనే చెప్పిన పాఠం నేర్చుకున్నమా?

పాఠం ఇది. సలహా ఫలించాలంటే మూడు ఉండాలి. ఒకటి, అడిగేవాడికి తన ప్రశ్న తెలిసి ఉండాలి. రెండు, సలహాదారు చెరువును కాదు, చెరువు మీది పరీవాహకాన్ని చూడాలి. మూడు, రిపోర్టును చదివి, తప్పుంటే తప్పని చెప్పి, ఒప్పుంటే అమలు చేసే సత్తా ఉన్న సొంత శాఖ ఇంట్ల ఉండాలి. ఈ మూడోది లేకపోతే సలహాదారే శాఖ అయితడు. ప్రశ్న రాసేది ఆయనే, జవాబు రాసేది ఆయనే, మార్కులు వేసుకునేది ఆయనే.

మనం నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినం. ఈ చెరువు ముచ్చటలో మూడూ ఉన్నయి మిత్రులారా. నీళ్లు పాడైనయి. నిధులు ఫీజులకు పోతున్నయి. నియామకాలు జరగాల్సిన చోట కాంట్రాక్టు సలహాదారు కూర్చుంటున్నడు. ఒక ఇంజనీరు, ఒక రసాయన పరీక్షకుడు, ఒక మత్స్యశాస్త్ర పట్టభద్రుడు చేయాల్సిన పనిని నెలల లెక్కన బయటికి ఇస్తున్నరు. రిపోర్టు ఇచ్చి ఆ మనిషి పోతడు. ఆయనతో పాటు ఆ జ్ఞానమూ పోతది. మన ఓయూ పిల్లగాడు మాత్రం నోటిఫికేషన్ కోసం లైబ్రరీల కూసుంటడు.

ఇప్పుడు హుస్సేన్ సాగర్‌నే తీసుకుందాం. మన పార్కు చెరువులన్నిటికీ అది పెద్దన్న. చుట్టూ సంజీవయ్య పార్కు, లుంబినీ పార్కు, నెక్లెస్ రోడ్డు. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో హుస్సేన్ షా వలీ చేతి మీదుగా కట్టిన చెరువు. నాలుగు వందల అరవై ఏండ్ల వయసు. ఒకప్పుడు నగరానికి తాగునీళ్లిచ్చింది. మూసీ నుంచి నీళ్లు తేవడానికి బల్కాపూర్ కాలువ తవ్వారు. ఇప్పుడు దాని పేరు బల్కాపూర్ నాలా. అప్పుడు నది నీళ్లు తెచ్చిన దారే ఇప్పుడు మురుగు తెస్తున్నది. చరిత్రను ఇంతకంటే సూటిగా ఎవరు చెప్పగలరు?

ఈ చెరువులోకి నాలుగు పెద్ద నాలాలు వస్తయి. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్. పరీవాహకం సుమారు 240 చదరపు కిలోమీటర్లు. ఎగువన జీడిమెట్ల, బాలానగర్, సనత్‌నగర్ పారిశ్రామికవాడలు. లక్షల ఇండ్లు. అంటే చెరువుకు రోగం చెరువులో లేదు. చెరువు ఒట్టి పొట్ట. నోరు ఎక్కడో కూకట్‌పల్లి అవతల ఉన్నది.

రోగం ఎట్ల పనిచేస్తదో తెలుసుకుందాం. తెలియకపోతే ఎవరు ఏ మందు అమ్మినా కొంటం. మురుగులో నత్రజని, భాస్వరం ఉంటయి. అవి నాచుకు ఎరువు. ఎండాకాలం నీళ్లు వేడెక్కంగనే నాచు పేరుకుంటది, చస్తది, అడుగుకు చేరి కుళ్లుతది. కుళ్లేటప్పుడు నీళ్లల్ల ఉన్న ఆక్సిజన్‌ను మింగుతది. అడుగున ఆక్సిజన్ లేనప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ పుడతది. కుళ్లిన కోడిగుడ్డు వాసన అదే. ఇంకో సంగతి. అడుగు పూడికలో ఏండ్ల తరబడి చేరిన భాస్వరం అప్పుడు మళ్లీ నీళ్లల్లకు వస్తది. అంటే ఇవ్వాళ నాలాలన్నీ బంద్ చేసినా, పాత పూడిక ఇంకా కొన్నేండ్లు చెరువును పీడిస్తనే ఉంటది. మరి నాలాలు బంద్ చేయకుండా పూడిక ఒక్కటే తీస్తే? రెండు వానాకాలాల్ల మళ్లీ మొదటికే.

అందుకే ఫౌంటెన్లు, బ్యాక్టీరియా పొడులు, గుర్రపుడెక్క తీసే యంత్రాలు ఇవన్నీ అవసరం లేవని మేం అనడం లేదు. అవి జ్వరం బిళ్లలు. జ్వరం దిగొచ్చు. రోగం పోదు.

మరి ఇన్నేండ్లుగా ఏం చేసిన్రు? 2006లో జపాన్ బ్యాంకు అప్పుతో హుస్సేన్ సాగర్, పరీవాహక అభివృద్ధి ప్రాజెక్టు మొదలైంది. మూడు వందల కోట్లకు పైబడిన పని. నాలాల మూతుల దగ్గర పూడిక తీసిన్రు, మురుగును మళ్లించే కట్టడాలు, శుద్ధి కేంద్రాలు కట్టిన్రు. ఎండాకాలం మురుగు కొంత పక్కకు మళ్లింది. అది అబద్ధం అనొద్దు. కానీ వానొస్తే ఆ మళ్లింపు చాలదు. మురుగు, వాన నీళ్లు కలిసి అడ్డుకట్ట దాటి చెరువులోకే దుంకుతయి.

ఇంకో ప్రశ్న. మళ్లించిన మురుగు ఎక్కడికి పోతున్నది? దిగువన అంబర్‌పేట వైపు. అక్కడ శుద్ధి అయినంత అయింది, కానంత మూసీలో కలిసింది. మూసీ ఎటు పోతది? నల్లగొండ దిక్కు. అంటే ట్యాంక్‌బండ్ మీద వాకింగ్ చేసేవాళ్ల ముక్కును కాపాడి, మూసీ ఆయకట్టు రైతు కాళ్లను పుండ్ల పాలు చేసినం. నల్లగొండ ఫ్లోరైడ్ గోస చెప్పి రాష్ట్రం అడిగిన మనం ఈ లెక్క మరువొచ్చా? 2021లో నగరానికి 31 శుద్ధి కేంద్రాలు, రోజుకు 1,259.5 మిలియన్ లీటర్ల సామర్థ్యంతో, 3,866 కోట్లతో మంజూరు చేసిన్రు. మంచి అడుగే. అయితే కేంద్రం కట్టడం వేరు, ఇంటి నుంచి కేంద్రం దాకా పైపు రావడం వేరు. పైపు రాని కేంద్రం బావి లేని మోటరు.

రాష్ట్రం వచ్చినంక మన పాలకులు ఏం చేసిన్రో కూడా చెప్పాలె. చెరువు చుట్టూ ఆకాశాన్ని తాకే భవనాలు కడతమన్నరు. 2015లో నీళ్లన్నీ ఖాళీ చేసి పూడిక తీస్తమన్నరు. పూర్తిగా ఖాళీ కాలేదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాల నిమజ్జనం ఆపమని 2021లో హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ ఒక్క ఏడుకు సుప్రీంకోర్టు నుంచి మినహాయింపు తెచ్చుకున్నరు. ఒక్కో ఏడు ఒక్కో మాట. మాటకూ మాటకూ నడుమ ఒక రిపోర్టు.

రిపోర్టుల సంగతి మనకు చెప్పాల్నా? ఉద్యోగ మిత్రులారా, 610 జీవో 1985లో వచ్చింది. అమలు కాలేదు. 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేసిన్రు. అది తప్పులన్నీ ఏరి చూపెట్టింది. ఆ తర్వాత సభాసంఘం. అటెన్క ఇంకో కమిటీ. 2010 డిసెంబర్‌లో శ్రీకృష్ణ కమిటీ రిపోర్టు ఇచ్చింది. ఆరు ఆప్షన్లు. ఆరు ఆప్షన్లు ఇవ్వడమంటే ఏ ఒక్క దానికీ బాధ్యత తీసుకోకపోవడమే అని మనమే కదా ధర్నాలు చేసింది? కమిటీ అనేది కాలయాపనకు ఇంకో పేరని మనకంటే ఎక్కువ తెలిసినోళ్లు ఈ దేశంలో ఎవరున్నరు? మరి చెరువు విషయంలో ఆ తెలివి ఎటు పోయింది?

ఆ మధ్య మా మిత్రులం కొందరం ఒక కార్యాలయానికి పోయినం. ఒక పార్కు చెరువు మీద పాత రిపోర్టు చూపెట్టమని అడిగినం. ‘కొత్తది తయారైతున్నది కదా, పాతదెందుకు’ అన్నరు. కొత్తది తయారుచేసేవాళ్లకన్నా పాతది ఇచ్చిన్రా అని అడిగితే జవాబు లేదు. అంటే కొలిచిందే మళ్లీ కొలుస్తరు. కట్టిన ఫీజే మళ్లీ కడతరు.

అదే రోజు సాయంత్రం చెరువు గట్టు మీద ఒక గంగపుత్ర పెద్దమనిషి కలిసిండు. మా ముచ్చట విని నవ్విండు. ‘బిడ్డా, ఏ నాలాల ఏ పొద్దు రంగు నీళ్లొస్తయో నాకెర్క. ఆదివారం ఒక తీరు, అమాస రాత్రి ఒక తీరు. వాన పడంగనే ఎవడు ట్యాంకరు ఒంపుతడో గూడ ఎర్కే. ఇన్నేండ్లల్ల ఎందరో సార్లొచ్చిన్రు, సీసాలల్ల నీళ్లు నింపుకపోయిన్రు. ఒక్కడన్న నన్నడగలే’ అన్నడు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. సీసా నింపేవాడు పొద్దున పదింటికి వస్తడు. మురుగు ఒంపేవాడు రాత్రి రెండింటికి వస్తడు. ఈ ఇద్దరూ ఎన్నడూ కలువరు. రిపోర్టుల అంతా సాఫ్‌గనే ఉంటది.

కోల్‌కతా తూర్పు చిత్తడి నేలల కథ వినే ఉంటరు. ఆ నగరపు మురుగుతోటి మత్స్యకారులు తరతరాలుగా చేపలు పెంచుతున్నరు. ప్రభుత్వ ఇంజనీరు ధృవజ్యోతి ఘోష్ వాళ్ల దగ్గర కూసొని ఆ విద్య నేర్చుకుని ప్రపంచానికి చెప్పిండు. 2002లో ఆ నేలలకు రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. బెంగళూరు జక్కూరు చెరువుల శుద్ధి కేంద్రం నీళ్లను నేరుగా చెరువుల వదలకుండా, మొక్కలున్న చిత్తడి నేల గుండా పారించి పంపుతరు. మన దగ్గరనే అంబర్‌పేట బతుకమ్మ కుంట ఉన్నది. చెత్తా మట్టీ పోసి కప్పేసిన జాగ. 2025లో తవ్వితే నీళ్లు పైకొచ్చినయి. ఆ ఏడు సెప్టెంబర్‌లో దాన్ని తెరిచిన్రు. ఆ కుంటకు మొదట కావాల్సింది రంగుల బొమ్మలు కాదు. హద్దులు, పాత రికార్డులు, కోర్టులో నిలబడే తెగువ. అంటే చెరువు చెరువుకూ రోగం వేరు. ఒక చెరువు ప్లానులో పేరు మార్చి ఇంకో చెరువుకు అంటగట్టే సలహాతో పని కాదు.

కాబట్టి మన డిమాండ్ ‘సలహాదారు గో బ్యాక్’ కాదు. సలహాదారును పెట్టుకోండి, కానీ షరతుల మీద. ఆ షరతులు ఇవీ.

ఒకటి. కొత్త టెండర్ పిలిచే ముందు ఆ చెరువు మీద వచ్చిన పాత రిపోర్టులన్నీ జనం ముందు పెట్టాలె. తెలుగులో, ఉర్దూలో సారాంశం ఇయ్యాలె. ఇయ్యకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉన్నది. మన విద్యార్థులు దరఖాస్తులు వెయ్యాలె.

రెండు. ఒక పూర్తి ఏడాది కొలవాలె. వానాకాలం, ఎండాకాలం, పగలు, రాత్రి. ప్రతి నాలాలో ఎంత నీరు, ఎంత మురుగు, పూడికలో ఏ లోహాలున్నయి. నాలుగు సీసాల లెక్కతో నాలుగు వందల కోట్ల పని మొదలుపెట్టొద్దు.

మూడు. డిజైన్ చేసేవాడు యంత్రాలు అమ్మొద్దు, పని కాంట్రాక్టు పట్టొద్దు. వైద్యుడే మందుల దుకాణం నడిపితే చీటీ పొడుగు ఎక్కువైతది.

నాలుగు. ఫీజు అంతా రిపోర్టు రోజున ఇయ్యొద్దు. పని పూర్తయినంక రెండు వానాకాలాలు గడిచి, నీళ్ల పరీక్షలు నిలబడితేనే ఆఖరి వాయిదా.

ఐదు. ప్రతి సలహాదారు పక్కన మన శాఖ ఇంజనీర్లు, మన విశ్వవిద్యాలయాల పరిశోధక విద్యార్థులు కూసోవాలె. లెక్కలన్నీ శాఖ సొత్తు కావాలె. సలహాదారు పోయిన నాడు శాఖ గుడ్డిది కావొద్దు. ఖాళీలు నింపాలె.

ఆరు. కమిటీల గంగపుత్రులు, బస్తీ మహిళలు ఉండాలె. ఫొటో కోసం కాదు, సంతకం కోసం.

ఏడు. చెరువు శిఖం కాపాడాలె. హుస్సేన్ సాగర్ పూర్తి నీటిమట్టం 513.41 మీటర్లని రికార్డులోనే ఉన్నది. దాన్ని అందరికీ ఒక్క తీరుగ కొలవాలె. నాలా పక్క గుడిసెను పొద్దున్నే కూలగొట్టి, శిఖంల ఉన్న పెద్ద కట్టడానికి నోటీసు మీద నోటీసు పంపే న్యాయం వద్దు. పేదోనికి ముందు ఇల్లు చూపెట్టాలె, తర్వాతనే యంత్రం పోవాలె.

కొందరు మిత్రులు అంటరు: ‘రాష్ట్రం వచ్చింది కదా, ఇంకా ఈ ఉద్యమ భాష ఎందుకు, చెరువు సాంకేతిక విషయం’ అని. కాదు మిత్రులారా. కాకతీయుల కాలం నుంచి చెరువు మన దగ్గర రాజకీయమే. గొలుసుకట్టు చెరువులు కట్టిన నేల ఇది. నీరటికాడు తూము తీస్తే ఊరంతా ఆ నీళ్ల లెక్క తెలిసేది. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రాష్ట్రంలో 46,531 చెరువులు, కుంటలున్నయని లెక్క చెప్పిన్రు. ఊరి చెరువు పూడిక రైతు పొలానికి పోయింది. అదే పట్నం చెరువు పూడికల విషం ఉన్నది, దాన్ని పొలానికి తోలలేం. ఆ విషం ఎవరిది, ఎవరు ఒంపిన్రు, ఎవరు చూసీ చూడనట్టున్నరు అని అడగడమే రాజకీయం. సకల జనుల సమ్మెల 42 రోజులు జీతం వదులుకున్న ఉద్యోగికి ఈ ప్రశ్న అడిగే హక్కు ఉన్నది. ఫైలు మీద నోట్ రాసే ఉద్యోగికి బాధ్యత కూడా ఉన్నది. ‘ఈ పని మన శాఖ చెయ్యగలదు’ అని ఒక్క వాక్యం రాయండి. చాలు.

ఆఖరుకు ఒక్క మాట. ప్రతి ఏడు సద్దుల బతుకమ్మ నాడు మన అక్కలు, చెల్లెండ్లు తంగేడు, గునుగు పేర్చుకుని ట్యాంక్‌బండ్ మీదికి వస్తరు. ఉద్యమ కాలంలో ఆ బతుకమ్మనే మన జెండా అయింది. ‘పోయి రావమ్మా’ అని నీళ్లల్ల సాగనంపుతం. ఏ నీళ్లల్ల? మనం ముంచడానికి కూడా చెయ్యి పెట్టని నీళ్లల్ల. తల్లిని మురుగుల సాగనంపే రాష్ట్రం కోసమా మన పిల్లలు పాణాలిచ్చింది?

సలహాదారు వస్తడు, పోతడు. చెరువు ఇక్కడే ఉంటది. మనమూ ఇక్కడే ఉంటం. అందుకే ప్రశ్న మనం రాద్దాం. జవాబు ఎవరు చెప్పినా, మార్కులు మనమే వేద్దాం.

జై తెలంగాణ!